చెన్నై తెలుగు గ్రూపులో అసలు పేరు, ఆధార్ తప్పనిసరి చేయడం సబబేనా?

ప్రశ్న: వలసరవాక్కం వాసి

అందరికీ నమస్కారం. చెన్నైలో స్థిరపడిన తెలుగువారి కోసం ఫేస్‌బుక్‌లో నడుస్తున్న ఒక గ్రూపు నిర్వాహకులలో నేనూ ఒకడిని. అద్దె ఇళ్లు, పిల్లల చదువులు, ఉగాది కార్యక్రమాలు మొదలుకొని నగరంలోని తెలుగు మాధ్యమ పాఠశాలల పరిస్థితి దాకా అక్కడ చర్చకు రాని విషయం లేదు. సభ్యులలో చాలామంది సొంత పేర్లతోనే ఉన్నారు గానీ, పువ్వు పేరో ఊరి పేరో పెట్టుకొని ఏళ్ల తరబడి రాస్తున్నవారు కూడా ఉన్నారు. గ్రూపులో చదవదగిన రాతలలో పెద్ద భాగం వారివే.

ఇటీవల రెండు సంఘటనలు జరిగాయి. మా సభ్యులలో ఒక పెద్దాయన పేరునూ ఫోటోనూ వాడుకొని ఎవరో కొత్త ఖాతా తెరిచి, ఆసుపత్రి ఖర్చులకు అత్యవసరమంటూ మిగిలిన సభ్యులను యూపీఐ ద్వారా డబ్బు అడిగారు. కొందరు నమ్మి పంపారు. అది సద్దుమణగకముందే, ఒక సాంస్కృతిక సంఘం జమాఖర్చులపై మారుపేరుతో ఉన్న సభ్యుడొకరు సూటి ప్రశ్నలు వేయగా, ఆ సంఘం పెద్దలు ‘ముందు ఆయన ఎవరో చెప్పమనండి, తరువాత లెక్కలు చెబుతాం’ అని పట్టుబట్టారు. ఈ రెంటినీ ఒకే సమస్యగా చూసి, మా నిర్వాహక బృందంలో ఎక్కువమంది ఒక నియమం ప్రతిపాదించారు. ప్రతి సభ్యుడూ ఆధార్ కార్డులో ఉన్న పేరునే ఖాతాకు పెట్టుకోవాలి, కార్డు ఫోటోను నిర్వాహకులకు వాట్సాప్‌లో పంపాలి, పంపనివారిని తొలగించాలి.

నాకు ఇది మనస్కరించడం లేదు. అయితే మోసపోయినవారికి ఏమని సమాధానం చెప్పాలో కూడా పాలుపోవడం లేదు. అసలు ఇలా అడిగే హక్కు మాకు ఉందా? అసలు పేర్లు తప్పనిసరి చేసిన చోట్ల నిజంగా మర్యాద పెరిగిందా, మోసాలు తగ్గాయా? త్వరలో ఈ విషయంపై నిర్ణయం తీసుకోవలసి ఉంది కనుక, తెలిసినవారు వివరంగా చెబితే కృతజ్ఞుడిని.

జవాబు: అంబత్తూరు విశ్రాంత ఉద్యోగి

నేను ఆ నియమాన్ని సమర్థిస్తున్నాను. ఉద్యోగ జీవితమంతా బ్యాంకులో గడిపినవాడిని. ఖాతా తెరవడానికి వచ్చినవారిని గుర్తింపు పత్రం అడిగితే ఎవరూ అవమానంగా భావించలేదు. పదిమంది డబ్బు, పరువు ముడిపడి ఉన్న చోట మీరెవరని అడగడం కనీస జాగ్రత్త.

మీ గ్రూపు పెద్దాయనకు జరిగినదే నాకూ జరిగింది. నా పేరుతో, నా మనవరాలితో దిగిన ఫోటోతో ఎవరో ఖాతా నడిపి, నా బంధువులకు నేను రాసినట్లే సందేశాలు పంపారు. తొలగించమని ఫిర్యాదు చేస్తే, ఆ ఖాతా తమ నియమాలకు విరుద్ధంగా లేదని ఒక యాంత్రికమైన జవాబు వచ్చింది. దొంగ హాయిగా ఉండగా, నేనే నేనని నిరూపించుకోవలసిన స్థితి నాకు వచ్చింది. ఆ రోజుల్లో నేను పడిన క్షోభ నాకు తెలుసు, ఇంట్లోవారికి తెలుసు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సొంత పేరుతో రాసేవాడు ప్రతి వాక్యాన్నీ తూచి రాస్తాడు, ఎందుకంటే రేపు పెళ్లిలోనో గుడిలోనో అదే మనుషులకు ఎదురుపడాలి. మారుపేరుతో రాసేవాడికి ఆ బరువు లేదు. ఒకే చర్చలో ఒకరికి బాధ్యత ఉండి మరొకరికి లేకపోవడం న్యాయమని నేను అనుకోను. ముఖ్యంగా ఆడపిల్లల ఫోటోల కింద రాసే నీచమైన వ్యాఖ్యలు చూసినవారెవరూ మారుపేరు ఒక హక్కని వాదించలేరని నా నమ్మకం.

జవాబు: హైకోర్టు వకీలు

పై జవాబు రాసిన పెద్దలపై గౌరవంతోనే చెబుతున్నాను. ప్రశ్నలో ఉన్న రెండు సంఘటనలు చట్టం దృష్టిలో పూర్తిగా వేరువేరు విషయాలు. వాటిని కలపడంతోనే చిక్కు మొదలైంది.

మరొక వ్యక్తి పేరునూ ముఖాన్నీ ధరించి డబ్బు అడగడం నేరం. సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కంప్యూటరు సాధనాల ద్వారా వేరొకరిగా నటించి మోసం చేసినవారికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. ఇలాంటి మోసంలో డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకొనే 1930 నంబరుకు ఫోను చేయాలి. త్వరగా తెలియజేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఇక దొంగ ఖాతాను తొలగించే విషయంలో, తనలా నటిస్తున్నారని బాధితుడే ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవడానికి 2021 నాటి ఐటీ నిబంధనలు సామాజిక మాధ్యమ సంస్థలకు మొదట పెట్టిన గడువు 24 గంటలు, 2026 ఫిబ్రవరిలో దానిని 2 గంటలకు తగ్గించారు. యాంత్రికమైన జవాబుతో ఆగిపోకుండా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఆ నిబంధనను ఉటంకిస్తూ రాయాలి.

రెండవ సంఘటనలో ఉన్నవాడు ఎవరి పేరునూ దొంగిలించలేదు. తనకంటూ ఒక పేరు పెట్టుకొని లెక్కలు అడిగాడు. మారుపేరుతో రాయడాన్ని నేరం చేసిన చట్టం మన దేశంలో లేదు. పేరు దాచి బెదిరించడం మాత్రం నేరమే. పాత శిక్షాస్మృతిలో 507వ సెక్షన్‌గా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నాలుగవ ఉపభాగంగా ఉంది. బెదిరింపుకు పడే శిక్షకు తోడు, పేరునో ఉనికినో దాచినందుకు మరో 2 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం ఆ శిక్షను బెదిరింపుకు జతచేసింది గాని, కేవలం పేరు దాచినంత మాత్రాన ఎవరినీ నేరస్థుడిని చేయలేదు.

2021 నిబంధనలను రూపొందించినప్పుడు ప్రభుత్వం కూడా అసలు పేరును తప్పనిసరి చేయలేదు. 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న సంస్థలు, కోరుకున్నవారికి తమ ఖాతాను ధ్రువీకరించుకొనే ఏర్పాటు చేయాలని, అలా ధ్రువీకరించినవారికి కనబడే గుర్తు ఇవ్వాలని మాత్రమే చెప్పింది. అది స్వచ్ఛందం. మన మద్రాసు హైకోర్టులోనే 2018లో, సామాజిక మాధ్యమ ఖాతాలను ఆధార్‌తోనో మరొక ప్రభుత్వ గుర్తింపు పత్రంతోనో ముడిపెట్టాలని వ్యాజ్యాలు దాఖలయ్యాయి. ఆధార్‌పై సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పు తరువాత ఆ కోరికకు బలం తగ్గి, విచారణ సందేశాల మూలం కనిపెట్టే విషయం వైపు మళ్లింది. 2019లో ఫేస్‌బుక్ ఆ వ్యాజ్యాలను సుప్రీంకోర్టుకు బదిలీ చేయమని కోరింది. దేశంలో పెద్ద కోర్టులే ఇంత ఆచితూచి వ్యవహరించిన విషయాన్ని నలుగురు నిర్వాహకులు ఒక వాట్సాప్ సందేశంతో తేల్చేయడం తగదు.

మారుపేరు వెనుక దాక్కున్నవాడిని పట్టుకోలేమన్న భయానికి కూడా ఆధారం తక్కువ. ఈ దేశంలో గుర్తింపు పత్రం లేకుండా సిమ్ కార్డు దొరకదు. చట్టబద్ధంగా దర్యాప్తు సంస్థ కోరితే సంస్థలు 72 గంటలలో సమాచారం ఇవ్వాలి. నేరం జరిగితే మనిషిని కనుగొనడానికి పోలీసులకు ఉన్న దారి అది. ఆ దారిని నిర్వాహకుల చేతిలో పెట్టవలసిన పని లేదు.

జవాబు: తెల్లమందారం

నేను మారుపేరుతో రాసేవారిలో ఒకరిని. ప్రభుత్వ సహాయంతో నడిచే ఒక పాఠశాలలో తెలుగు బోధిస్తాను. నేను రాసేది ఎక్కువగా మా పిల్లల గురించే. 2006లో తమిళాన్ని దశలవారీగా పదవ తరగతి దాకా తప్పనిసరి చేస్తూ వచ్చిన రాష్ట్ర చట్టం తరువాత తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఎదురైన ఇబ్బందులు, పుస్తకాలు ఆలస్యంగా రావడం, ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ కాకపోవడం వంటి విషయాలు రాస్తాను. వాటిలో అబద్ధం ఒక్కటి లేదు, ఎవరినీ దూషించిన వాక్యం లేదు. అయినా నా పేరుతో, బడి పేరుతో అవి రాయలేను. పైవారికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుందన్నది ఒక కారణం. నా విద్యార్థుల తల్లిదండ్రులు ఇబ్బంది పడతారన్నది అంతకంటే పెద్ద కారణం.

సొంత పేరుతో రాసేవారికే బాధ్యత ఉంటుందన్న పెద్దల మాటకు నా మనవి ఇది. ‘తెల్లమందారం’ అన్న పేరుతో నేను చాలా కాలంగా రాస్తున్నాను. ఆ పేరుకు పాఠకులున్నారు, నా పాత రాతలు గుర్తుపెట్టుకొని ఫలానా చోట మీరు వేరేగా అన్నారే అని నిలదీసేవారున్నారు. నేను రేపు నోరు జారితే పోయేది ఆ పేరు సంపాదించుకున్న నమ్మకమే. దానిని పోగొట్టుకొని మరో పేరుతో మళ్లీ మొదలుపెట్టడం నాకు తేలిక కాదు. పూటకొక పేరు మార్చి తిట్టిపోయేవారికీ, ఒకే పేరును ఏళ్ల తరబడి మోసేవారికీ తేడా చూడమని కోరుతున్నాను.

మన సాహిత్యం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. ఇదే మద్రాసులో ఉండి రాసిన ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని ఎంతమంది పాఠకులు తెలుసుకొని చదివారు? బీనాదేవి పేరుతో రాసినవారు న్యాయశాఖలో ఉద్యోగం చేసిన బి. నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు. కోర్టులనూ పోలీసులనూ దగ్గరగా చూసినవారు వాటి గురించి కథలు రాయడానికి ఆ పేరు చోటిచ్చింది. పత్రికల వారికి రచయిత చిరునామా తెలిసేది, ఎందుకంటే పారితోషికం పంపాలి, ఎవరైనా కేసు వేస్తే జవాబు చెప్పాలి. పాఠకుడికి మాత్రం కలం పేరే కనబడేది. సంపాదకుడు ఆ గుట్టును కాపాడేవాడు. మనకు బాగా అలవాటైన ఈ పద్ధతిని వదిలి, అందరి కార్డులూ అందరి ముందూ పరచమనడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంకా లోతైన బాధ ఒకటుంది. తెలుగువారి పూర్తి పేరు చదివితే చాలామందికి ముందు తెలిసేది మనిషి గుణం కాదు, కులం. ఇంటిపేరు, పేరు చివరి తోక చూడగానే జిల్లా, కులం, మతం లెక్కగట్టేవారు మన మధ్య తక్కువ లేరు. ఒక వాదనలో పాల్గొన్న అమ్మాయి ఇంటిపేరు పట్టుకొని ‘మీవాళ్లంతా ఇంతే’ అని ముగించిన సందర్భాలు నేను చూశాను. అద్దెకు ఇల్లు వెతుక్కొనేవారు ఇంటిపేరు చెప్పడానికి ఎందుకు తడబడతారో ఈ నగరంలో ఉన్న తెలుగువారికి విడమరచి చెప్పనవసరం లేదు. ఈ నేలమీదే, 1929లో చెంగల్పట్టులో జరిగిన పెరియార్ ఉద్యమపు తొలి ఆత్మగౌరవ మహాసభ పేర్ల చివరి కులసూచకాలు వదిలేయమని తీర్మానించింది. తమిళులు అప్పటినుంచి తండ్రి పేరు మొదటి అక్షరంతో సరిపెట్టుకుంటున్నారు. అలాంటి చోట ఉంటూ మనం కులం తెలిపే పేరును తప్పనిసరి చేస్తే, నష్టపోయేవారు ఎవరో ముందే ఊహించవచ్చు. బలమున్న కులం వారికి తమ పేరు బయటపెట్టడం వల్ల పోయేదేమీ లేదు.

ఇక ఆధార్‌లో ఉన్నదే అసలు పేరు అనడం మా ఇంట్లోనే కుదరదు. మా తాతగారి పత్రాలన్నిటా ఇంటిపేరు పూర్తిగా ఉంది. మా నాన్నగారిని ఇక్కడి బడిలో చేర్చినప్పుడు తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం రాశారు. నా కార్డులో ఇంటిపేరు లేదు, నాన్నగారి పేరు ఒక పొడి అక్షరం. మా అమ్మాయి పాస్‌పోర్టులో నాన్న పేరే ఇంటిపేరుగా మారింది. నన్ను చిన్నప్పటినుంచి ఎరిగిన పెరంబూరు వీధిలో ఎవరికీ నా కార్డులోని పేరు తెలియదు.

జవాబు: ఓఎమ్‌ఆర్ ఇంజనీరు

అసలు పేర్లు తప్పనిసరి చేసిన చోట్ల ఏమైందని అడిగారు కనుక ఆ భాగానికి మాత్రమే జవాబిస్తాను.

దీనిని దేశమంతటా చట్టంగా అమలు చేసి చూసింది దక్షిణ కొరియా. 2007లో, రోజుకు 3 లక్షలమందికి పైగా సందర్శించే సైట్లలో వ్యాఖ్య రాయాలంటే పౌర నమోదు సంఖ్యతో గుర్తింపు నిర్ధారించుకోవాలని నియమం పెట్టారు. 2009లో ఆ పరిమితిని లక్షకు తగ్గించి మరిన్ని సైట్లను లోపలికి తెచ్చారు. అప్పుడు యూట్యూబ్ పేర్లు అడగడానికి ఇష్టపడక, కొరియా సైటులో వీడియోలు ఎక్కించడం, వ్యాఖ్యలు రాయడం రెంటినీ ఆపేసింది. సైట్లన్నీ పౌరుల నమోదు సంఖ్యలను పోగుచేసుకున్నాక, 2011 జులైలో నేట్, సైవరల్డ్ అనే రెండు పెద్ద సేవలపై దాడి జరిగి సుమారు 3.5 కోట్లమంది వివరాలు బయటికి పోయాయి. ఆ దేశ జనాభాయే 5 కోట్లు. చివరికి 2012 ఆగస్టు 23న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ నియమాన్ని కొట్టివేసింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగినంత తగ్గిన దాఖలా లేదని, వాడేవారు విదేశీ సైట్లకు తరలిపోయారని కోర్టు గమనించింది.

కంపెనీల అనుభవమూ అంతే. గూగుల్ వారి సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ 2011లో అసలు పేర్ల నియమంతో మొదలై, ఎందరి ఖాతాలనో నిలిపివేసి, 2014 జులైలో ఆ నియమాన్ని పూర్తిగా ఎత్తివేస్తూ విచారం ప్రకటించింది. ఫేస్‌బుక్ విషయం మీకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే మీ గ్రూపు అక్కడే ఉంది. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రంగస్థల పేర్లతో ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారుల (ఎక్కువగా ఆడవేషం కట్టే మగవారు) ఖాతాలు వరుసగా మూతపడ్డాయి. ఒకే ఒక వ్యక్తి పనిగట్టుకొని వందల ఖాతాలను దొంగ ఖాతాలని ఫిర్యాదు చేయడం దానికి కారణమని తేలింది. అక్టోబరు 1న ఆ సంస్థ ఉన్నతాధికారి క్రిస్ కాక్స్ క్షమాపణ చెప్పి, తమ నియమం ఉద్దేశం నిత్యజీవితంలో వాడే పేరేగాని చట్టబద్ధమైన పేరు కాదని వివరించారు. మరుసటి ఏడాది మన దేశపు సంస్థలతో సహా అనేక పౌరహక్కుల సంస్థలు ఈ నియమంపై బహిరంగ లేఖ రాశాక, ఫిర్యాదు చేసేవారు కారణం చెప్పాలని, ప్రత్యేక పరిస్థితి ఉన్నవారు దానిని వివరించుకోవచ్చని మార్పులు వచ్చాయి. నియమాన్ని ఆయుధంగా వాడుకొనేవారు ఎప్పుడూ ఉంటారు. మీ గ్రూపులో లెక్కలు అడిగిన సభ్యుడిపై మొదట దీనిని ప్రయోగిస్తారని నా అనుమానం.

ధ్రువీకరణ గుర్తు చూసి నమ్మడం కూడా ప్రమాదకరమే. 2022 నవంబరులో ట్విటర్ డబ్బు చెల్లించినవారికల్లా నీలి గుర్తు ఇవ్వగానే, ఎలీ లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో గుర్తున్న ఖాతా తెరిచి ఇన్సులిన్ ఉచితమని ప్రకటించారు. ఆ కంపెనీ బయటికి వచ్చి అది అబద్ధమని చెప్పుకోవలసి వచ్చింది.

జవాబు: అంబత్తూరు విశ్రాంత ఉద్యోగి

వకీలు గారు చెప్పిన గడువు సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. తెల్లమందారం గారి మాటలు నన్ను ఆలోచింపజేశాయి. ఒక ఉపాధ్యాయురాలి నోరు మూయించే నియమాన్ని నేను కోరను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పత్రికలో సంపాదకుడు ఉండేవాడు, రాత అచ్చయ్యే ముందు చదివేవాడు. గ్రూపులో ఎవరు చదువుతున్నారు? ఒక మారుపేరు నుంచి ఒక అమ్మాయిపై బురద చల్లితే, నిర్వాహకులు నిద్రలేచి చూసేసరికి అది వందమంది ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. పేరు అడగవద్దంటే సరే, ఆ కాపలా ఎవరు కాస్తారో చెప్పండి.

జవాబు: హైకోర్టు వకీలు

పెద్దలు అడిగినది న్యాయమైన ప్రశ్న. కాపలా నిర్వాహకులే కాయాలి, అది కష్టమైన పని. పేర్లు అడిగే నియమం పెట్టాలని తోచడానికి ఆ కష్టాన్ని తప్పించుకోవాలన్న కోరిక కూడా ఒక కారణమని నేను భావిస్తున్నాను. కొత్తగా చేరినవారి రాతలను కొంతకాలం నిర్వాహకులు చదివాకే కనబడేలా ఫేస్‌బుక్ గ్రూపులలో ఏర్పాటు ఉంది. డబ్బు సాయం అడిగే ఏ రాతనైనా, అడిగిన మనిషికి ఫోను చేసి మాట్లాడిన తరువాతే అనుమతించాలన్న ఒక్క నియమం ఉండి ఉంటే, గ్రూపు గోడమీద జరిగే మోసం మేరకు ఆగేది. విడిగా వచ్చే సందేశాల విషయంలో సభ్యులను హెచ్చరిస్తూనే ఉండాలి. దొంగ ఖాతా తెరిచినవాడు మీ నియమానికి లోబడి ఆధార్ పంపుతాడని ఎలా అనుకున్నారు? ఎవరిదో ఒకరి కార్డు ఫోటో సంపాదించి పంపడం వాడికి చిటికెలో పని.

తెల్లమందారం గారికి ఒక జాగ్రత్త. మారుపేరు చట్టం ముందు రక్షణ కవచం అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళిలోని 9వ నియమం, సొంత పేరుతో రాసినా, పేరు లేకుండా రాసినా, మారుపేరుతో రాసినా ప్రభుత్వ విధానాలపై ప్రతికూల విమర్శను ఒకేలా నిషేధిస్తుంది. మీకు వర్తించే నిబంధనలు వేరు కనుక వాటిని ఒకసారి చదివించుకోండి. పిల్లలకు పుస్తకాలు అందలేదన్న వాస్తవం రాయడం వేరు, విధానాన్ని విమర్శించడం వేరు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకొని రాయడం మీకు మేలు.

వలసరవాక్కం వాసి

అందరికీ కృతజ్ఞతలు. నేను ఇలా ప్రతిపాదించబోతున్నాను. ఎవరి పేరైనా, ఫోటో అయినా వాడుకొని నటించిన ఖాతాను వెంటనే తొలగించాలి. మారుపేరుతో రాయవచ్చు, కానీ ఒకరు ఒకే పేరుతో రాయాలి, దానిని మాటిమాటికీ మార్చకూడదు. మారుపేరుతో ఉన్నవారు నిర్వాహకులలో తాము నమ్మిన ఒకరితో ఫోనులో మాట్లాడితే చాలు, పత్రాలు ఏవీ అడగకూడదు. సాంస్కృతిక సంఘం లెక్కల ప్రశ్నకు, అడిగినవారెవరన్న దానితో నిమిత్తం లేకుండా, సంఘం సమాధానం ఇవ్వాలి. ఈ చివరి దానికి గట్టి వ్యతిరేకత వస్తుందని తెలుసు, అయినా పట్టుబడతాను.

ఒక సందేహం మిగిలింది. నియమం ఖరారు కాకముందే కొందరు సభ్యులు తమ ఆధార్ ఫోటోలు మా నిర్వాహకులలో ఒకరికి పంపేశారు. వాటిని ఏం చేయాలి?

జవాబు: హైకోర్టు వకీలు

ఈరోజే తీసివేయించండి. వాట్సాప్ సంభాషణలో తీసివేస్తే సరిపోదు. ఆయన ఫోను గ్యాలరీలోనూ, గూగుల్ ఫోటోల్లాంటి చోట దానంతటదే దాచిన ప్రతులలోనూ, చెత్తబుట్ట ఫోల్డరులోనూ చూసి తొలగించాలి. వాట్సాప్ వెబ్ వాడే అలవాటు ఉంటే కంప్యూటరు డౌన్‌లోడ్ల ఫోల్డరు కూడా చూడాలి. తీసివేశాక పంపిన ప్రతివారికీ ఆ సంగతి విడివిడిగా రాసి తెలియజేయమనండి. కార్డు పూర్తి సంఖ్యతో పంపినవారికి, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సంస్థ సైటులో తమ బయోమెట్రిక్ వివరాలకు తాళం వేసుకొనే వీలుందని, ఇకమీదట ఎక్కడైనా తప్పనిసరై ఇవ్వవలసి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని అక్కడే తీసుకోవచ్చని కూడా చెప్పండి.